తెల్ల రక్తకణాల సూక్ష్మజీవి నిరోధక ప్రోటీన్లు

నిర్వచనం, పరిధి

శరీరంలోకి చొరబడిన బాక్టీరియాను చంపడానికీ, అవి వెలువరించే విషాలను నిర్వీర్యం చేయడానికీ తెల్ల రక్తకణాలు ముందుగానే తయారుచేసి తమలో నిల్వ ఉంచుకొనే ప్రోటీన్లను, చిన్న ప్రోటీన్లయిన పెప్టైడ్‌లను కలిపి సూక్ష్మజీవి నిరోధక ప్రోటీన్లు అంటారు. వ్యాధికారకాన్ని గుర్తించి దానికి సరిపడే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) కొత్తగా తయారుచేసుకోవడానికి శరీరానికి రోజులు పడుతుంది. ఈ ప్రోటీన్లు సిద్ధంగా ఉంటాయి కాబట్టి గాయమైన కొద్దిసేపటికే పనిలో దిగుతాయి. అందువల్ల వీటిని పుట్టుకతో వచ్చే సహజ రోగనిరోధకతలో భాగంగా పరిగణిస్తారు. పొలం పనిలో వేలికి ముల్లు గుచ్చుకొని గోరుచుట్టు లేచినప్పుడు, చర్మంపై సెగగడ్డ పండినప్పుడు కనిపించే చీములో అధికభాగం ఈ ప్రోటీన్లను ఖర్చుచేసి మరణించిన తెల్ల కణాలే.

ఆరోగ్యవంతులైన పెద్దల రక్తంలో ప్రతి మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 వరకు తెల్ల కణాలు ఉంటాయి. వాటిలో అధిక సంఖ్యలో ఉండే న్యూట్రోఫిల్ ఈ ప్రోటీన్లకు ప్రధాన స్థావరం. ఇయోసినోఫిల్, మోనోసైట్, సహజ హంతక కణం, కణవినాశక టీ కణం కూడా తమవైన సంహారక ప్రోటీన్లను కలిగి ఉంటాయి. ఈ వ్యాసం ముఖ్యంగా న్యూట్రోఫిల్ ప్రోటీన్ల నిర్మాణాన్ని, పనితీరును వివరిస్తూ, తెలుగునాట వాటిపై జరిగిన పరిశోధనలను, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి, మిరప మైదానాల్లోని మనుషులకు, పశువులకు, పంటలకు వాటితో ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తుంది.

చరిత్ర

ఇల్యా మెచ్నికోవ్ 1882లో ఇటలీలోని మెస్సినాలో నక్షత్రచేప డింభకాలలో ముల్లు గుచ్చి, దాని చుట్టూ సంచార కణాలు గుమిగూడటాన్ని గమనించి, కణాలు సూక్ష్మజీవులను మింగి హరిస్తాయనే కణభక్షణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. రక్తద్రవంలోని పదార్థాలే రక్షణకు మూలమని భావించిన వర్గానికి చెందిన పాల్ ఎర్లిక్‌తో కలిపి ఆయనకు 1908లో నోబెల్ బహుమతి లభించింది. మింగిన బాక్టీరియాను కణం ఏ పదార్థంతో చంపుతుందన్న ప్రశ్న మాత్రం చాలాకాలం మిగిలే ఉంది. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1922లో లైసోజైమ్ అనే ఎంజైమ్‌ను వర్ణించగా, జేమ్స్ హిర్ష్ 1956లో తెల్ల కణాల నుంచి ఫాగోసైటిన్ అనే సంహారక సారాన్ని వేరుచేశాడు. 1960ల్లో జేయా, స్పిట్జ్‌నాగెల్ అనే శాస్త్రజ్ఞులు న్యూట్రోఫిల్ కణికల్లోని ధనావేశ ప్రోటీన్లకు బాక్టీరియాను చంపే శక్తి ఉందని నిరూపించారు.

1978లో జెరోల్డ్ వైస్, పీటర్ ఎల్స్‌బాక్ బృందం బాక్టీరియా త్వచానికి చిల్లులు పెట్టి చంపే బీపీఐ ప్రోటీన్‌ను శుద్ధిచేసింది. 1985లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెహ్రర్, మైకేల్ సెల్‌స్టెడ్, టోమస్ గాంజ్ బృందం మానవ న్యూట్రోఫిల్‌లోని చిన్న పెప్టైడ్‌లను వేరుచేసి వాటికి డిఫెన్సిన్లు అని పేరుపెట్టింది. న్యూట్రోఫిల్ తన డీఎన్ఏ పోగులను సంహారక ప్రోటీన్లతో కలిపి వలలా బయటికి విసిరి బాక్టీరియాను బంధిస్తుందని 2004లో బెర్లిన్ పరిశోధకులు వెల్లడించారు. డిఫెన్సిన్లు బాక్టీరియాతోపాటు వాటి విషాలను కూడా అడ్డుకోగలవని అదే నగరం నుంచి వెలువడిన మరో పరిశోధన 2005లో తెలియజేసింది.

ఉత్పత్తి, నిల్వ

న్యూట్రోఫిల్‌లు ఎముక మూలుగలో తయారవుతాయి. ఆరోగ్యవంతుడి మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్‌లను రక్తంలోకి పంపుతుంది. సంహారక ప్రోటీన్లు చాలావరకు కణం ఇంకా మూలుగలో ఎదుగుతున్న దశలోనే తయారై, పొరతో కప్పి ఉండే కణికల్లో చేరతాయి. ఎదుగుదల తొలి దశలో ఏర్పడే అజూరోఫిల్ కణికల్లో డిఫెన్సిన్లు, బీపీఐ, ఎలాస్టేజ్, కాథెప్సిన్ జి, మైలోపెరాక్సిడేజ్ ఉంటాయి. తరువాతి దశలో ఏర్పడే విశిష్ట కణికల్లో లాక్టోఫెరిన్, లిపోకాలిన్, కాథెలిసిడిన్ పూర్వరూపం ఉంటాయి. లైసోజైమ్ రెండు రకాల కణికల్లోనూ కనిపిస్తుంది.

సొంత కణానికి హాని కలగకుండా ఈ ప్రోటీన్లలో కొన్నింటిని శరీరం నిష్క్రియ రూపంలో తయారుచేస్తుంది. మానవ న్యూట్రోఫిల్‌లోని ప్రధాన డిఫెన్సిన్ మొదట 94 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసుగా తయారవుతుంది. అందులోని ఋణావేశ భాగం చివరి భాగపు ధనావేశాన్ని అణచి ఉంచుతుంది. ఆ భాగాలను ఎంజైమ్‌లు కత్తిరించి తొలగించాకనే 29 లేదా 30 అమైనో ఆమ్లాల చురుకైన డిఫెన్సిన్ మిగులుతుంది.

ప్రధాన రకాలు

డిఫెన్సిన్లు: సిస్టీన్ అనే ఆరు అమైనో ఆమ్లాలు మూడు గంధక బంధాలతో ముడిపడి బిగుతైన ఆకృతిని ఏర్పరచిన పెప్టైడ్‌లు ఇవి. బంధాల అమరికను బట్టి క్షీరదాల డిఫెన్సిన్లను ఆల్ఫా, బీటా, తీటా అని మూడు తరగతులుగా విభజిస్తారు. మానవ న్యూట్రోఫిల్‌లో హెచ్‌ఎన్‌పీ-1 నుంచి హెచ్‌ఎన్‌పీ-4 వరకు నాలుగు ఆల్ఫా డిఫెన్సిన్లు ఉంటాయి. వాటిలో మొదటి మూడే అజూరోఫిల్ కణికల ప్రోటీన్‌లో 30 నుంచి 50 శాతం వరకు ఆక్రమిస్తాయి.

కాథెలిసిడిన్లు: పూర్వరూపంలో ఒకే పోలిక ఉండి, కత్తిరింపు తరువాత మిగిలే చురుకైన భాగం జాతిని బట్టి మారిపోయే కుటుంబం ఇది. మనిషిలో ఈ కుటుంబానికి ఎల్‌ఎల్-37 ఒక్కటే ప్రతినిధి. పశువుల్లో ఇవి అనేకం ఉన్నాయి.

బీపీఐ: సుమారు 55 కిలోడాల్టన్‌ల బరువు గల ఈ ప్రోటీన్, గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా బయటి పొరలోని లైపోపాలిశాకరైడ్‌ను గాఢంగా పట్టుకొంటుంది.

సెరీన్ ప్రోటియేజ్‌లు: ఎలాస్టేజ్, కాథెప్సిన్ జి, ప్రోటీనేజ్-3 ఇతర ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌లు. ఇదే కుటుంబానికి చెందిన అజూరోసిడిన్‌కు కత్తిరించే శక్తి లేకపోయినా చంపే శక్తి ఉంది.

పోషకాలను దాచే ప్రోటీన్లు: లాక్టోఫెరిన్ ఇనుమును, కాల్‌ప్రొటెక్టిన్ జింక్, మాంగనీస్‌లను పట్టి ఉంచి బాక్టీరియాకు అందకుండా చేస్తాయి. బాక్టీరియా ఇనుము కోసం వెలువరించే ఎంటిరోబాక్టిన్ అనే అణువును లిపోకాలిన్-2 బంధిస్తుంది.

ఆక్సీకరణకు తోడ్పడేవి: మైలోపెరాక్సిడేజ్ హైడ్రోజన్ పెరాక్సైడ్, క్లోరైడ్‌ల నుంచి హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. చీముకు కొన్నిసార్లు ఉండే పచ్చఛాయ ఈ ఎంజైమ్ రంగు వల్ల వచ్చేదే.

బాక్టీరియాను సంహరించే విధానం

న్యూట్రోఫిల్ బాక్టీరియాను మింగినప్పుడు దాని చుట్టూ ఫాగోసోమ్ అనే సంచి ఏర్పడుతుంది. కణికలు ఆ సంచితో కలిసిపోయి తమ ప్రోటీన్లను అందులోకి కుమ్మరిస్తాయి. స్థలం అతి స్వల్పం కావడంతో డిఫెన్సిన్ల సాంద్రత రక్తంలో ఎన్నడూ చేరలేనంత ఎక్కువ స్థాయికి చేరుతుంది. రక్తంలో ఉండేంత ఉప్పు సాంద్రత డిఫెన్సిన్ల శక్తిని బాగా తగ్గిస్తుంది కాబట్టి ఈ ఇరుకైన సంచే వాటికి అనువైన చోటు.

సంహారానికి మొదటి మెట్టు విద్యుదాకర్షణ. గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాలోని లైపోపాలిశాకరైడ్, గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాలోని టైకోయిక్ ఆమ్లం, రెండింటి త్వచాల్లోని ఫాస్ఫోలిపిడ్‌లు ఋణావేశం గలవి కావడంతో ధనావేశ పెప్టైడ్‌లు వాటికి అతుక్కొంటాయి. మనిషి కణత్వచం వెలుపలి పొర దాదాపు తటస్థంగా ఉండి, కొలెస్టరాల్‌తో గట్టిపడి ఉంటుంది. పెప్టైడ్‌లు సొంత కణాన్ని చాలావరకు విడిచిపెట్టి బాక్టీరియానే ఎంచుకోవడానికి ఈ తేడాయే ముఖ్యకారణం.

రెండో మెట్టు త్వచభేదనం. పెప్టైడ్‌లు త్వచంలోకి దిగి గుండ్రని రంధ్రాలు ఏర్పరుస్తాయని, లేదా ఉపరితలాన్ని చాపలా కప్పి పొరను ముక్కలు చేస్తాయని వేర్వేరు నమూనాలు ఉన్నాయి. పెప్టైడ్‌ను, త్వచపు కూర్పును బట్టి వీటిలో ఒకటో రెండో వర్తిస్తాయి. ఏ విధంగానైనా లోపలి లవణాలు, అణువులు బయటికి కారిపోయి, త్వచానికి ఇరువైపులా ఉండే విద్యుత్ పీడనం కూలిపోయి, బాక్టీరియా శక్తి ఉత్పత్తి ఆగిపోతుంది.

త్వచాన్ని పగలగొట్టడం ఒక్కటే మార్గం కాదు. హెచ్‌ఎన్‌పీ-1 కణకుడ్య నిర్మాణానికి అవసరమైన లిపిడ్-2 అనే ముడిపదార్థాన్ని బంధిస్తుంది. లైసోజైమ్ కణకుడ్యంలోని చక్కెరల గొలుసును తెంచుతుంది. మరికొన్ని పెప్టైడ్‌లు కణం లోపలికి చొచ్చుకుపోయి డీఎన్ఏ లేదా ప్రోటీన్ల తయారీని నిలిపివేస్తాయి. న్యూట్రోఫిల్‌లో ఇవన్నీ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి ఒక్క మార్పుతో వాటన్నిటినీ తప్పించుకోవడం బాక్టీరియాకు కష్టమవుతుంది.

జీవవిషాల నిర్వీర్యం

బాక్టీరియా విషాలను రెండు తరగతులుగా చెప్పుకోవచ్చు. బతికి ఉన్న బాక్టీరియా బయటికి వదిలే ప్రోటీన్ విషాలు ఎక్సోటాక్సిన్లు కాగా, గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా పొరలోనే భాగంగా ఉండే లైపోపాలిశాకరైడ్ ఎండోటాక్సిన్. ఈ రెండింటినీ తెల్ల కణాల ప్రోటీన్లు వేర్వేరు పద్ధతుల్లో ఎదుర్కొంటాయి.

ఎక్సోటాక్సిన్లలో తొలుత పరిశీలించిన ఉదాహరణ ఆంత్రాక్స్ విషం. దీనిలోని లీథల్ ఫాక్టర్ జింక్ సాయంతో పనిచేసే ఎంజైమ్; ఇది కణసంకేతాలను మోసే ప్రోటీన్లను తెంచివేస్తుంది. హెచ్‌ఎన్‌పీ-1 నుంచి హెచ్‌ఎన్‌పీ-3 వరకు గల డిఫెన్సిన్లు ఈ ఎంజైమ్‌ను నిలువరిస్తాయని, విషం ఇచ్చిన ఎలుకలను మరణం నుంచి కాపాడతాయని 2005 నాటి పరిశోధన నిరూపించింది. మరుసటి సంవత్సరం కంఠసర్పి (డిఫ్తీరియా) విషంపైనా, సూడోమోనాస్ ఎక్సోటాక్సిన్-ఎ పైనా అదే ప్రభావం బయటపడింది. ఈ రెండు విషాలు కణంలో ప్రోటీన్ల తయారీకి అవసరమైన ఎలాంగేషన్ ఫాక్టర్-2ను స్తంభింపజేస్తాయి. క్లాస్ట్రీడియం డిఫిసిల్ విషం-బి, న్యుమోనియా బాక్టీరియా వదిలే న్యుమోలైసిన్ వంటి రంధ్రకారక విషాలు కూడా ఈ జాబితాలో చేరాయి.

పరస్పరం పోలిక లేని ఇన్ని విషాలను ఒకే చిన్న పెప్టైడ్ ఎలా ఆపగలదన్న ప్రశ్నకు 2014లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. కణత్వచాన్ని దాటి లోపలికి పోవడానికి చాలా విషాలు తమ మడతలను విప్పుకొని మళ్లీ ముడుచుకోవలసి ఉంటుంది. అందువల్ల వాటి నిర్మాణం సహజంగానే వదులుగా ఉంటుంది. డిఫెన్సిన్లు ఆ వదులైన చోట్లకు అతుక్కొని మడతలను అకాలంలో విప్పుతాయి. విప్పుకొన్న విషం తన పని చేయలేకపోవడమే కాక, ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌లకు సులువుగా చిక్కుతుంది. గట్టి నిర్మాణం గల సాధారణ దేహ ప్రోటీన్లు ఈ ప్రభావానికి అంతగా లోనుకావు.

ఎండోటాక్సిన్‌లో విషస్వభావం గల భాగం లిపిడ్-ఎ. బీపీఐ, ఎల్‌ఎల్-37, అజూరోసిడిన్ దానిని కప్పివేసి, రోగనిరోధక కణాల గ్రాహకాలకు అందకుండా చేస్తాయి. ఎలాస్టేజ్ మరో దారిలో పనిచేస్తూ, జిగట విరేచనాలకు కారణమైన షిగెల్లా బాక్టీరియా దాడికి వాడే ప్రోటీన్లను తుంచివేస్తుంది.

బాక్టీరియా ప్రతిచర్యలు

బాక్టీరియా కూడా ఈ ప్రోటీన్లను తప్పించుకొనే ఉపాయాలను అభివృద్ధి చేసుకొన్నాయి. సెగగడ్డలకు సాధారణ కారణమైన స్టఫైలోకాకస్ ఆరియస్ తన టైకోయిక్ ఆమ్లాలకు డి-అలనిన్‌ను, త్వచ లిపిడ్‌లకు లైసిన్‌ను చేర్చి ఋణావేశాన్ని తగ్గించుకొంటుంది. అది వెలువరించే స్టఫైలోకైనేజ్ డిఫెన్సిన్లను బంధిస్తుంది, ఆరియోలైసిన్ ఎల్‌ఎల్-37ను తెంచుతుంది. అనేక గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా లిపిడ్-ఎకు అమైనో అరబినోజ్ వంటి సమూహాలను తగిలించుకొంటాయి. కొలిస్టిన్ అనే ధనావేశ యాంటీబయాటిక్‌కు నిరోధం కూడా ఇటువంటి మార్పుల వల్లనే వస్తుంది. భారత ప్రభుత్వం 2019లో కోళ్లు, పశువుల పెంపకంలో కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది.

పశువుల న్యూట్రోఫిల్‌లు, హైదరాబాద్ పరిశోధనలు

ఒంగోలు గిత్తల జన్మభూమి అయిన ప్రకాశం, గుంటూరు ప్రాంతంలో పశువుల రోగనిరోధకత వ్యవసాయంతో విడదీయరానిది. పశువుల న్యూట్రోఫిల్‌లలో మనిషిలో ఉండే ఆల్ఫా డిఫెన్సిన్లు లేవు. వాటికి బదులుగా పదమూడు బీటా డిఫెన్సిన్లను 1993లో సెల్‌స్టెడ్ బృందం వర్ణించింది. వీటితోపాటు బాక్టెనెసిన్లు, ఇండోలిసిడిన్ వంటి కాథెలిసిడిన్లు పశువుల ప్రత్యేకత. పాడిపశువులకు పొదుగువాపు వచ్చినప్పుడు పాలలో తెల్ల కణాల సంఖ్య పెరగడం, పొదుగులో చొరబడిన బాక్టీరియాపైకి న్యూట్రోఫిల్‌లు తరలివచ్చిన ఫలితమే. పాలలోని కణాల లెక్కింపును వ్యాధి గుర్తింపునకు వాడటానికి ఆధారం ఇదే.

పశువుల న్యూట్రోఫిల్ నుంచి లభించిన ఇండోలిసిడిన్‌లో 13 అమైనో ఆమ్లాలే ఉంటాయి. వాటిలో ఐదు ట్రిప్టోఫాన్‌లు. ఈ పెప్టైడ్ పనితీరుపై ప్రముఖ పరిశోధనలు హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో (సీసీఎంబీ) జరిగాయి. ఆర్. నాగరాజ్, ఎన్. సీతారామ్, సి. సుబ్బలక్ష్మి, వి. కృష్ణకుమారి 1996లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ట్రిప్టోఫాన్‌ల స్థానంలో ఫినైల్‌అలనిన్‌లను ఉంచిన పెప్టైడ్ బాక్టీరియాను చంపే శక్తిని నిలుపుకొని, ఎర్ర రక్తకణాలను చిట్లించే దుర్గుణాన్ని కోల్పోయింది. చంపే గుణాన్నీ సొంత కణాలకు హాని చేసే గుణాన్నీ వేరుచేయవచ్చని దీనివల్ల తేలింది. ఇండోలిసిడిన్ ఇ. కోలై బాక్టీరియాను పగలగొట్టకుండా లోనికి ప్రవేశించి, డీఎన్ఏ తయారీని ఆపి, విభజన చెందలేని పొడవాటి పోగులుగా మారుస్తుందని సుబ్బలక్ష్మి, సీతారామ్ 1998లో తెలియజేశారు. అదే సంస్థ 2005, 2006 సంవత్సరాల్లో సిస్టీన్‌లు లేని హెచ్‌ఎన్‌పీ-1 అనుకరణలను, మానవ బీటా డిఫెన్సిన్ల చివరి ఖండాలను కృత్రిమంగా తయారుచేసి, మూడు గంధక బంధాలూ లేకపోయినా సంహారక శక్తి నిలవగలదని నిరూపించింది.

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ప్రాసంగికత

పత్తి ధూళి, ఎండోటాక్సిన్: పత్తికాయ చుట్టూ ఉండే పుచ్ఛపత్రాలపైన, ఎండుటాకు తునకలపైన పాంటోయియా వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా పెరుగుతాయి. జిన్నింగ్ మిల్లుల్లో గింజనూ దూదినీ వేరుచేసేటప్పుడు లేచే ధూళితో వాటి ఎండోటాక్సిన్ ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అప్పుడు న్యూట్రోఫిల్‌లు శ్వాసమార్గాల్లోకి పెద్ద సంఖ్యలో వస్తాయి. వాటి బీపీఐ వంటి ప్రోటీన్లు ఎండోటాక్సిన్‌ను అణచగా, అదే కణాలు వదిలే ఎలాస్టేజ్ ఊపిరితిత్తుల కణజాలానికి హాని చేయగలదు. ఏళ్ల తరబడి ధూళిలో పనిచేసేవారికి వచ్చే బిస్సినోసిస్ వ్యాధిలో వారాంతపు సెలవు తరువాత మొదటి పనిదినాన ఛాతీ బిగుసుకుపోవడం ముఖ్యలక్షణం. ఈ వ్యాధికి ఎండోటాక్సిన్ ప్రధాన కారణాల్లో ఒకటిగా గుర్తింపు పొందింది. ధూళిని తగ్గించడమే దీనికి నమ్మదగిన నివారణ.

మట్టిలోని బాక్టీరియా: మెలియాయిడోసిస్‌కు కారణమైన బర్ఖోల్డేరియా సూడోమాల్లీ తడినేలలో, నీటిలో జీవిస్తూ, గాయాల ద్వారా, శ్వాస ద్వారా శరీరంలో ప్రవేశిస్తుంది. మధుమేహం ఉన్నవారికి ఈ వ్యాధి ముప్పు ఎక్కువ. మారిన లిపిడ్-ఎ కారణంగా ఇది హెచ్‌ఎన్‌పీ-1ను, పాలిమిక్సిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకొంటుంది; ఫాగోసోమ్ నుంచి తప్పించుకొని కణద్రవంలో పెరుగుతుంది. 2025లో గుంటూరు సమీపంలోని తురకపాలెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు ఈ వ్యాధిని అనుమానించి వైద్యారోగ్య శాఖ గ్రామస్థుల రక్తనమూనాలను పరీక్షించింది.

దొమ్మరోగం: పశువులకు, గొర్రెలకు వచ్చే ఆంత్రాక్స్‌ను పశుపోషకులు దొమ్మరోగం అంటారు. దీని బీజాలు నేలలో దశాబ్దాలపాటు నిలిచి ఉంటాయి. మనిషి ఆల్ఫా డిఫెన్సిన్లు ఈ విషాన్ని నిలువరించినా, వ్యాధి తీవ్రమైనప్పుడు రక్తంలో చేరే విషం మొత్తాన్ని అణచడానికి అవి చాలవు. పశువులకు టీకా వేయించడం, దొమ్మతో చనిపోయిన జీవాన్ని కోయకుండా లోతుగా పూడ్చడం లేదా కాల్చివేయడం తప్పనిసరి. అలాగే కంఠసర్పి, ధనుర్వాతాల నుంచి రక్షణ టీకాల వల్లనే లభిస్తుంది.

పంట మొక్కల్లోని డిఫెన్సిన్లు

గంధక బంధాలతో ముడిపడిన చిన్న రక్షక పెప్టైడ్‌లు మొక్కల్లోనూ ఉన్నాయి. మొక్కల డిఫెన్సిన్లలో సాధారణంగా నాలుగు గంధక బంధాలు ఉంటాయి. ఇవి ముఖ్యంగా శిలీంధ్రాలపై పనిచేస్తాయి. మిరప జాతికి చెందిన బెంగళూరు మిరప పండులో జె-1 అనే డిఫెన్సిన్‌ను గుర్తించారు. పొగాకు జాతి మొక్క నుంచి తీసిన ఎన్‌ఏడీ-1 డిఫెన్సిన్ జన్యువును పత్తిలో ప్రవేశపెట్టి, ఎండుతెగులు నిరోధకతను ఆస్ట్రేలియాలో పొలం స్థాయిలో పరీక్షించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పి.బి. కిర్తి బృందం ఆవాల డిఫెన్సిన్ జన్యువును పొగాకు, వేరుశనగ మొక్కల్లో చేర్చి, శిలీంధ్ర తెగుళ్లను అవి మెరుగ్గా తట్టుకొన్నాయని 2008లో ప్రచురించింది. 2002లో భారతదేశంలో అనుమతి పొందిన బీటీ పత్తిలోని ప్రోటీన్ వీటికి భిన్నమైనది. అది బాక్టీరియా తయారుచేసే, కాయతొలుచు పురుగును చంపే విషం.

లోపాలు, అతిక్రియ

ఈ వ్యవస్థలో లోపం తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు దారితీస్తుంది. విశిష్ట కణికల లోపం అనే అరుదైన జన్యువ్యాధిలో డిఫెన్సిన్లు కూడా దాదాపు ఉండవు. రోగికి పదేపదే చీముగడ్డలు వస్తాయి. పుట్టుకతో న్యూట్రోఫిల్‌లు దాదాపు లేని కాస్ట్‌మన్ వ్యాధిలో చికిత్సతో కణాల సంఖ్య పెరిగినా ఎల్‌ఎల్-37 కొరత వల్ల చిగుళ్ల వ్యాధి కొనసాగుతుంది. క్యాన్సర్ మందుల వల్ల న్యూట్రోఫిల్‌లు పడిపోయినవారికి స్వల్పమైన ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాంతకం కాగలదు.

అతిక్రియ కూడా ప్రమాదమే. ఎలాస్టేజ్‌ను అదుపుచేసే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపించినవారి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఎల్‌ఎల్-37 సొంత డీఎన్ఏతో కలిసినప్పుడు సోరియాసిస్, లూపస్ వ్యాధుల్లో వాపును ప్రేరేపిస్తుంది.

వైద్యోపయోగం, పరిమితులు

యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా పెరుగుతున్నందున ఈ ప్రోటీన్లను మందులుగా మలచే ప్రయత్నాలు కొనసాగుతున్నాయి. బీపీఐ ఖండాన్ని మెనింగోకాకస్ సెప్సిస్ సోకిన పిల్లలపై పరీక్షించినప్పుడు మరణాల్లో గణాంకపరంగా నిర్ధారించదగిన తగ్గుదల కనిపించలేదని 2000లో ప్రచురితమైన ఫలితాలు తెలిపాయి. కప్ప చర్మపు పెప్టైడ్ ఆధారంగా తయారైన పెక్సిగనాన్‌కు 1999లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం లభించలేదు. ఇండోలిసిడిన్ నుంచి రూపొందిన ఒమిగనాన్ చర్మంపై పూసే మందుగా మనుషులపై ప్రయోగాల దశ వరకు చేరింది.

తయారీ ఖర్చు, రక్తంలోని ఉప్పు, ప్రోటీన్లను తెంచే ఎంజైమ్‌లు, సొంత కణాలకు హాని అనేవి ఈ మార్గంలోని ప్రధాన అడ్డంకులు. న్యూట్రోఫిల్ ఈ అడ్డంకులను అధిగమించేది ప్రోటీన్లను మూసిన సంచిలో, అధిక సాంద్రతలో, పలు రకాలను కలిపి ప్రయోగించడం ద్వారానే. ఒక్క పెప్టైడ్‌ను రక్తంలోకి ఎక్కించి అదే ఫలితాన్ని సాధించడం కష్టం కావడానికి కారణం ఇదే. అందువల్ల ప్రస్తుత పరిశోధన పెప్టైడ్‌లను చిన్నవిగా, ఉప్పును తట్టుకొనేవిగా మార్చడం, గాయంపైనే నేరుగా వాడటం, యాంటీబయాటిక్‌లతో కలిపి ఇవ్వడం అనే దిశల్లో సాగుతోంది. చంపే గుణాన్ని నిలిపి హానిచేసే గుణాన్ని తొలగించవచ్చని ఇండోలిసిడిన్‌పై సీసీఎంబీలో లభించిన ఫలితం ఈ కృషికి పునాదిరాళ్లలో ఒకటి.